తాళంచెవి ఒకరి మొలకు కట్టి సంఘం అందరిదీ అంటే ఎట్లా?



పోయిన ఆదివారం కార్యవర్గ సమావేశంలో ఒక తీర్మానం చదివినారు. లైబ్రరీ గదిలోని సర్వర్ నమ్మకంగా నడవడం లేదు గనుక దానిని మూసేసి, అందులో ఉన్న పాటలు, పుస్తకాలు వాట్సాప్ గుంపులో వేసేద్దామంట. లేకుంటే ఏడాదికి 24 వేలు కట్టి ఒక కంపెనీకి అప్పగిద్దామంట. వచ్చే నెల మహాసభలో ఓటుకు పెడతారు. మేము రెండింటికీ ఒప్పుకోము. ఎందుకో ఇక్కడ రాస్తున్నాము. పొడుగు రాత అని విసుక్కోకండి, కాఫీ పెట్టుకొని చదవండి.

మేము అంటే శనివారం సాయంత్రం లైబ్రరీ గదిలో కూర్చునే ముగ్గురు ముసలివాళ్ళము. రాసే చెయ్యి ఒకటే గాని మాట ముగ్గురిదీ. ఆ చెయ్యి రైల్వేలో గుమాస్తాగా అరిగిపోయిన చెయ్యి. బడిలో చదివినదంతా తమిళ మాధ్యమం. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర, గోడ క్యాలెండర్ మీద నేర్చుకున్నవి. భాషలో తప్పులుంటే మన్నించండి. కంప్యూటర్ సంగతిలో తప్పుంటే మాత్రం మన్నించవద్దు, కింద రాయండి, దిద్దుకుంటాము.

ముందు జరిగింది చెప్పాల. ఆషాఢంలో మన సభ్యులొకరి తల్లిగారు పోయినారు. పేరు వద్దు, మనందరికీ అవ్వే. ఆమె పాడిన నాట్ల పాటలు, లాలిపాటలు మూడేళ్ళ కింద మన పిల్లలు రికార్డు చేసి సర్వర్‌లో పెట్టినారు. పదో రోజు చుట్టాలంతా కూడినప్పుడు, పూణే నుండి వచ్చిన మనుమరాలు అడిగింది, "అవ్వ గొంతు ఒక్కసారి వినిపించండి" అని. ఫోనులో నొక్కితే పేజీ తెరుచుకోలేదు. ఇంకో ఫోనులో నొక్కినారు. అదీ లేదు. ఆ బిడ్డ ఏమీ అనలేదు, ఫోను పక్కన పెట్టి లోపలికి పోయింది. అక్కడ కూర్చున్న కార్యవర్గంలో ముగ్గురం తల దించుకున్నాము.

ముందు రోజు రాత్రి గాలివాన. కరెంటు పోయి వచ్చింది. మేము గది తెరిచి చూస్తే యంత్రం లేచే ఉంది. ఫ్యాను తిరుగుతా ఉంది, పచ్చ లైటు వెలుగుతా ఉంది. పాటలు వినిపించే ప్రోగ్రాము మాత్రం లేవలేదు. యంత్రం చెడిపోలేదు. లైనక్స్ చెడిపోలేదు. "నువ్వు లేచినప్పుడు దీనిని కూడా లేపు" అని ఆ యంత్రానికి మూడేళ్ళలో ఎవరూ చెప్పలేదు, అంతే.

మరి మూడేళ్ళు ఎట్లా నడిచింది? దానిని పెట్టిన పిల్లవాడు ఇప్పుడు జర్మనీలో ఉద్యోగంలో ఉన్నాడు. ఫోను చేస్తే చెప్పినాడు: "తాతా, స్క్రీన్ అనే దాంట్లో చేత్తో స్టార్ట్ చేసి పెట్టినా. కరెంటు పోయినప్పుడల్లా ఇక్కడినుండి లోపలికి వచ్చి ఆ ఒక్క లైను మళ్ళీ కొడతా. ఆ వారం పనిమీద వేరే ఊరిలో ఉండినా." అంటే మనం సంఘం సర్వర్ అని చెప్పుకున్నది నిజానికి ఒక పిల్లవాడి నిద్ర మీద నడిచింది. మన ఊరిలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో మీకు చెప్పాలా?

అతడిది తప్పంటే మేము ఒప్పుకోము. అతడు ఊరికే చేసిపెట్టినాడు. మనమేమో శాలువా కప్పి, ఫోటో తీసి, చప్పట్లు కొట్టినాము. "నాయనా, నువ్వు లేని రోజు ఇది ఎట్లా లేస్తుంది?" అని ఒక్కరం అడగలేదు. ఇల్లు అలకగానే పండుగ కాదని మన పెద్దలు చెప్పినారు. మనం అలికిన రోజే పండుగ చేసుకున్నాము.

రైల్వేలో ప్రతి స్టేషనుకు స్టేషన్ వర్కింగ్ రూల్స్ అని ఒక పుస్తకం ఉంటుంది. ఆ స్టేషనులో ఏ పాయింటు ఎక్కడుంది, ఏ సిగ్నలు ఎప్పుడు, ఎవరి పని ఏమిటి, అంతా అందులో. కొత్తగా వచ్చినవాడు దానిని చదివి, అర్థమయిందని రిజిస్టరులో సంతకం పెట్టాకనే పనిలో దిగాల. మేము ఎన్నో సార్లు సెలవు పెట్టినాము, జ్వరమూ వచ్చింది, పెళ్ళిళ్ళూ వచ్చినాయి. మా ఒక్కరి కోసం బుకింగ్ కౌంటరు ఒక్క రోజు కూడా మూసిపోలేదు. అది మా గొప్ప కాదు, రాసిపెట్టిన కాగితం గొప్ప. మన సర్వర్‌కు ఆ కాగితం లేదు. మా తగవంతా ఆ కాగితం గురించే.

ఇక ఆ కాగితం ఎట్లా ఉంటుందో, మేము ఎట్లా కిందామీదా పడి రాసినామో చెప్తాము. "ఇదంతా ఇంజనీర్ల పని" అనేవారికి ఇదే మా జవాబు.

యంత్రం లేచేటప్పుడు ముందు లైనక్స్ కెర్నెల్ లేస్తుంది. అది మొట్టమొదట ఒకే ఒక ప్రోగ్రామును లేపుతుంది, దాని నంబరు 1. మిగిలినవన్నీ ఆ ఒకటో నంబరు వాడు లేపాల్సిందే. పాత రోజుల్లో వాడి పేరు ఇనిట్. వరుస నంబర్లు వేసిన స్క్రిప్టులను ఒకదాని తర్వాత ఒకటి నడిపేవాడు. 2010లో సిస్టమ్‌డీ అనేది వచ్చింది. మన యంత్రంలో ఉన్న డెబియన్ 2015లో వచ్చిన 8వ వెర్షన్ నుండి దానినే వాడుతుంది, ఉబుంటు కూడా అదే ఏడు మారింది. సిస్టమ్‌డీ మరీ ఎక్కువ పనులు నెత్తిన వేసుకుంటుందని కోపగించి, డెబియన్ నుండి విడిపోయి దేవువాన్ అని వేరు కుంపటి పెట్టుకున్నవారూ ఉన్నారు. ఆ తగవు పెద్దవాళ్ళది. మన గదిలో ఒకటో నంబరు కుర్చీలో కూర్చున్నది సిస్టమ్‌డీ, కాబట్టి అర్జీ వాడికే పెట్టాల.

మేము ముందు అడ్డదారి పట్టినాము. ఒక సభ్యుడు "క్రాన్‌లో రీబూట్ అని ఒక లైను రాస్తే చాలు" అన్నాడు. రాసినాము. యంత్రం ఆపి లేపినాము. ప్రోగ్రాము లేచింది, వెంటనే పడిపోయింది. పాటలన్నీ బయటి డిస్కులో ఉన్నాయి, ఆ డిస్కు ఇంకా తగులుకోలేదు. చేత్తో కొట్టినప్పుడు ఈ చిక్కు తెలియలేదు, ఎందుకంటే మనిషి వచ్చేలోపల డిస్కు తగులుకొని ఉండేది. "అయితే 60 సెకన్లు ఆగి లేపమని చెప్పండి" అన్నాడు అదే సభ్యుడు. చెప్పినాము. నడిచింది. మేమూ సంతోషపడినాము.

కానీ రాత్రి పడుకుంటే ఒక పాత సంగతి గుర్తొచ్చింది. తొలినాళ్ళ రైళ్ళలో ముందు బండి పోయిన కొన్ని నిమిషాలకు వెనక బండిని వదిలేవారు. ముందు బండి స్టేషను చేరిందా లేదా అని చూసేవారు కాదు, గడియారమే చూసేవారు. 1889లో ఐర్లండులో అర్మా దగ్గర బడిపిల్లల విహారయాత్ర బండి ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. దానిని రెండుగా విడదీస్తే వెనక పెట్టెలు జారి, కిందనుండి వస్తున్న బండిని గుద్దుకున్నాయి. ఎందరో పిల్లలు పోయినారు. ఆ ఏడే బ్రిటన్‌లో చట్టం చేసి బ్లాకు పద్ధతిని తప్పనిసరి చేసినారు. అంటే టైము చూసి కాదు, ముందు లైను ఖాళీ అని అవతలి స్టేషను చెప్పాకనే బండి కదలాల. లైన్ క్లియర్ అంటే అదే. మేము రాసిన 60 సెకన్లు గడియారం చూసి బండి వదలడమే. ఒక రోజు డిస్కు 70 సెకన్లు తీసుకుంటే?

పైగా క్రాన్ లేపుతుందే గాని కాపలా కాయదు. ఒక మధ్యాహ్నం ప్రోగ్రాము తనంతట తానే పడిపోయింది. కరెంటు పోలేదు, రీబూట్ లేదు, కాబట్టి దానిని లేపే నాథుడూ లేడు. అప్పుడు బుద్ధి వచ్చి రాజమార్గం పట్టినాము.

రాజమార్గం అంటే ఒక చిన్న ఫైలు. ఈటీసీ ఫోల్డరులో సిస్టమ్‌డీ, దాని లోపల సిస్టమ్ అనే ఫోల్డరు ఉంటుంది. అక్కడ ఒక పేరు పెట్టి, చివర చుక్క పెట్టి సర్వీస్ అని రాస్తే అదే సర్వీసు ఫైలు. అందులో మూడు భాగాలు.

మొదటిది యూనిట్. ఇది ఏమిటి, ఏది సిద్ధమైన తర్వాత లేవాల అనేది ఇక్కడ రాయాల. మన లైన్ క్లియర్ ఇక్కడే. "రిక్వయర్స్ మౌంట్స్ ఫర్" అని రాసి డిస్కు ఫోల్డరు దారి ఇస్తే, ఆ డిస్కు తగులుకున్నాకనే మన ప్రోగ్రాము కదులుతుంది. గడియారం పని లేదు.

రెండోది సర్వీస్. "ఎక్సెక్ స్టార్ట్" అని రాసి ఏ ప్రోగ్రామో పూర్తి దారితో చెప్పాల. మనం చేత్తో కొట్టేటప్పుడు మన ఖాతాలోని దారులు, సెట్టింగులు మనకు తోడుంటాయి, సిస్టమ్‌డీకి అవి తెలియవు. "యూజర్" అని రాసి ఏ ఖాతా కింద నడవాలో చెప్పాల. చెప్పకపోతే రూట్ కింద, అంటే సర్వాధికారి కింద నడుస్తుంది. వీధి వైపు తెరిచిన ప్రోగ్రాముకు ఇనప్పెట్టె తాళాలిచ్చి నిలబెట్టినట్టు. అది కూడదు. "రీస్టార్ట్" అని రాసి, చెడి పడిపోతే మళ్ళీ లేపమని చెప్పాల.

మూడోది ఇన్‌స్టాల్. "వాంటెడ్ బై" అని రాసి మల్టీ యూజర్ టార్గెట్ అనాల. యంత్రం పూర్తిగా సిద్ధమయ్యే దశకు అది పేరు. ఆ దశ వచ్చేటప్పుడు మన ప్రోగ్రామూ వరుసలో ఉండాలని దీని అర్థం.

అంతే. ఖాళీ లైన్లు తీసేస్తే పన్నెండు లైన్లు. పెళ్ళిపత్రికలో ఇంతకన్నా ఎక్కువ ఉంటుంది.

రాసిన రోజు మేము చేసిన తప్పులూ దాచము. డీమన్ రీలోడ్ కొట్టి, స్టార్ట్ కొట్టినాము. నడిచింది. బోండాలు తెప్పించుకున్నాము. యంత్రం ఆపి లేపితే ప్రోగ్రాము మళ్ళీ లేవలేదు! స్టార్ట్ అంటే ఇప్పుడు లేపు అని మాత్రమే. ఎనేబుల్ అంటే ఇకమీద యంత్రం లేచినప్పుడల్లా లేపు అని. రెండూ వేరు వేరు ఆజ్ఞలు. ఈ రోజు పనికి రమ్మనడం వేరు, హాజరు పట్టీలో పేరు ఎక్కించడం వేరు. మనం మూడేళ్ళు పేరు ఎక్కించకుండానే పని చేయించుకున్నాము.

ఎనేబుల్ కొట్టినాక ఇంకోసారి ఆపి లేపినాము. ఈసారి ఎర్ర అక్షరాల్లో ఫెయిల్డ్ అని వచ్చింది. డిస్కు సంగతి రీస్టార్ట్ చూసుకుంటుందిలే అనుకొని, లైన్ క్లియర్ లైను రాయకుండా వదిలినాము. సిస్టమ్‌డీ దానిని గబగబా అయిదు సార్లు లేపి చూసి విడిచిపెట్టింది. మనం వేరే చెప్పకపోతే పది సెకన్లలో అయిదు సార్లకు మించి లేపదు. ఇదంతా మేము ఊహించి చెప్పడం లేదు. జర్నల్‌సీటీఎల్ అని కొట్టి సర్వీసు పేరు ఇస్తే, ఎప్పుడు లేచింది, ఎందుకు పడింది, టైముతో సహా చూపిస్తుంది, స్టేషను డైరీ మాదిరి. అది చదివి ఆ ఒక్క లైను చేర్చినాము. మూడోసారి ఆపి లేపితే ఎవరి చెయ్యీ తగలకుండా అవ్వ పాట వినిపించింది. మా ముగ్గురిలో ఒకరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎవరో అడగకండి.

ఇప్పుడు తీర్మానం సంగతికి వస్తాము.

వాట్సాప్‌లో వేద్దాము అనేవారికి ఒక మాట. గుంపు అనేది రచ్చబండ, బీరువా కాదు. రచ్చబండ మీద పాట పాడవచ్చు, పాట దాచలేము. ఫోను మారినప్పుడు బ్యాకప్ లేనివారి దగ్గర పోతుంది. పొద్దున శుభోదయాల కింద, సాయంత్రం సినిమా ముక్కల కింద అవ్వ లాలిపాట ఎక్కడని వెతుకుతారు? కొత్తగా చేరిన పిల్లకు కావాలంటే మళ్ళీ ఎవరో ఒకరు పంపాల. మళ్ళీ ఒకరి చెయ్యే!

24 వేలకు కంపెనీకి ఇద్దాము అనేవారికి ఇంకో మాట. డబ్బు ఇవ్వకూడదని మేము అనము. డిస్కు పాతబడుతుంది, ఇంకో ప్రతి వేరే చోట ఉంచాల, మంచి యూపీఎస్ కావాల. వీటికి ఖర్చు పెట్టండి. కానీ ఆ కంపెనీ మనిషి ఏమి చేస్తాడు? ఇదే పన్నెండు లైన్లు రాస్తాడు. రాసింది మనకు చూపిస్తాడా? కాగితం మన దగ్గర లేకుండా మనిషిని మార్చితే జర్మనీ పిల్లవాడి చోట కంపెనీ పిల్లవాడు వచ్చినట్టు, అంతే. ఆ పిల్లవాడికైనా అవ్వ తెలుసు.

"ఎవరికి తెలుసు ఇవన్నీ, మీ తర్వాత ఎవరు చూస్తారు?" అని కోశాధికారిగారు అడిగినారు. అది న్యాయమైన ప్రశ్న, మా ముగ్గురి వయసు కలిపితే 200 దగ్గరికి వస్తుంది. అందుకే మేము చేసిన పని మా తలల్లో ఉంచుకోలేదు. ఆ ఫైలును అచ్చు తీసి, ఒక్కో లైనుకు తెలుగులోనూ తమిళంలోనూ అర్థం రాసి, గది గోడకు అంటించినాము. తమిళం ఎందుకంటే మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు. 2006 చట్టం వచ్చాక మన రాష్ట్రంలో బడికి కొత్తగా చేరే పిల్లలకు ఒకటో తరగతి మొదలుకొని తమిళం తప్పనిసరి భాష అయింది, తెలుగుకు ఉన్న చోటు ఇరుకైంది. తమిళం మనకు అన్నం పెట్టిన భాష, దాని మీద మాకు కోపం లేదు. కానీ బడి ఇవ్వని తెలుగును పిల్లలకు ఇవ్వడానికి మన దగ్గర ఉన్నవి ఆదివారం తరగతి ఒకటి, ఆ సర్వర్ ఒకటి. ఆ రెండూ ఒక మనిషి వస్తేనే తెరుచుకుంటాయంటే, ఆ మనిషి రాని రోజు మన తెలుగు మూసిపోయినట్టే.

ఇక్కడే మా అసలు కోపం. సర్వర్ ఒక్కటే కాదు. ఆదివారం తరగతి గది తాళంచెవి ఒకరి దగ్గర. ఆయనకు మోకాలి నొప్పి వస్తే పిల్లలు గేటు దగ్గర నిలబడి తిరిగి పోతారు. బ్యాంకు పుస్తకం ఒకరి బీరువాలో. ఉగాదికి పంచాంగం చదివేవారి ఫోను నంబరు ఒకరి ఫోనులో. సభ్యుల జాబితా ఎక్కడుందో పాత కార్యదర్శిగారికే తెలుసు, ఆయన కొడుకు దగ్గరికి హైదరాబాదు పోయినారు. మనం ప్రతిదీ స్టార్ట్ చేస్తాము, దేనినీ ఎనేబుల్ చెయ్యము. తరువాత "ఈ కాలం పిల్లలకు శ్రద్ధ లేదు" అంటాము. శ్రద్ధ ఉన్న పిల్లవాడు మూడేళ్ళు రాత్రుళ్ళు లేచి లైను కొట్టినాడు గదా! వాడి శ్రద్ధను మనం కాగితంగా మార్చుకోలేదు, అంతే.

దానంతటది లేస్తుందని నిద్రపోవడమూ తప్పే, అదీ చెప్పాల. లేచిందా లేదా చూసే కన్ను కావాల. ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం 5 గంటలకు మేము యంత్రాన్ని పద్ధతిగా ఆపి లేపుతున్నాము. ఎవరూ కీబోర్డు ముట్టుకోకూడదు. పది నిమిషాల తర్వాత ఫోనులో పాట వినిపిస్తే రిజిస్టరులో సంతకం. వినిపించకపోతే, మనం ఇంట్లో ఉన్న రోజే చెడిపోయిందని సంతోషించి బాగుచేసుకోవచ్చు. పదో రోజు చుట్టాల ముందు తెలుసుకోవడం కన్నా మేలు గదా.

కాబట్టి మహాసభలో మేము పెట్టే ప్రతి తీర్మానం ఇది. సర్వర్ మూయవద్దు. సంఘం పేరుతో నడిచే ఏ పనైనా, కంప్యూటరైనా తరగతైనా ఖాతా అయినా, దానిని ఇద్దరు నడపగలగాల, నడిపే పద్ధతి ఒక కాగితం మీద ఉండాల, కార్యవర్గం మారినప్పుడు ఆ కాగితం చదివి సంతకం పెట్టాకనే కొత్తవారు కుర్చీలో కూర్చోవాల. 24 వేలలో సగం పెట్టి రెండో డిస్కు, యూపీఎస్ కొనాల. మిగిలింది ఆదివారం తరగతికి ఇవ్వాల.

ఓటు వేసేముందు ఒకసారి శనివారం గదికి రండి. గోడ మీది కాగితం చదవండి. యంత్రం స్విచ్చి మీ చేతికే ఇస్తాము. ఆపండి, లేపండి, కుర్చీలో కూర్చోండి. అవ్వ పాట దానంతటది మొదలైతే మాకు ఓటు వెయ్యండి. మొదలవ్వకపోతే కంపెనీకి వెయ్యండి, మేము నోరెత్తము.

పూణే మనుమరాలికి లింకు పంపినాము. నిన్న రాత్రి కూడా కరెంటు పోయింది. పొద్దున ఆ బిడ్డ దగ్గరినుండి ఒక్క మాట వచ్చింది: "విన్నాను తాతా."

ఇట్లు,
శనివారం లైబ్రరీ గది ముసలివాళ్ళు ముగ్గురము